అటక మీది రేకుడబ్బాలో దొరికిన కలకత్తా బెంజి: రంగు గీకాలా, ఉంచాలా?

రేవుపట్నం (కాకినాడ), జూన్ 14

ఈ బొమ్మకార్ల వేదిక సభ్యులందరికీ నమస్కారం. వానలు మొదలయ్యేలోగా పెంకులు సరిచేయించాలని మా పాత ఇంటి అటక ఖాళీ చేయిస్తుంటే ఒక బిస్కట్ల రేకుడబ్బా బయటపడింది. అందులో నా చిన్ననాటి బొమ్మకార్లు రెండు ఉన్నాయి. మొదటిది మెర్సిడెస్ బెంజ్ 220 ఎస్‌ఈ. నాన్నగారు రైల్వే ఉద్యోగంలో కలకత్తాలో ఉన్న రోజుల్లో, 1970లో, న్యూ మార్కెట్లో కొని, హౌరా మెయిల్లో వచ్చి సామర్లకోటలో దిగినప్పుడు చేతిలో పెట్టిన కారు అది. ఇన్నేళ్లూ దాన్ని ఇంగ్లండు డింకీ కారనే మా ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాం. నిన్న భూతద్దం పెట్టి అడుగు రేకు చూస్తే దాని మీద ‘నిక్కీ టాయ్స్’ అని ఉంది. ఆ పక్కనే ఏవో అక్షరాలను చెరిపేసినట్టు గరుకు మచ్చ ఒకటి కనిపిస్తోంది.

ఇక అసలు సమస్య. ఎనిమిదేళ్ల వయసులో నేను, కిటికీ ఊచలకు వేయగా మిగిలిన నీలం ఎనామిల్‌ను కుంచెతో ఈ కారుకు దిట్టంగా పూశాను. తలుపు గీతలు, ముందు జాలీ ఆ రంగు కింద పూడుకుపోయాయి. టైర్లు రాయిలా గట్టిపడ్డాయి. ముందు చక్రాలు కుంగిపోయి, నొక్కి వదిలినా పైకి లేవడం లేదు. డిక్కీ దగ్గర సన్నని పగుళ్లున్నాయి. రెండోది జాగ్వార్ మార్క్ 10 అనుకుంటున్నాను. దాని డిక్కీ తెరుచుకుంటుంది గాని అడుగు రేకే లేదు.

నాన్నగారికి ఇప్పుడు 86 ఏళ్లు. బెంజిని చేతిలోకి తీసుకుని, “దీన్ని నేను తెచ్చినప్పుడు ఉన్నట్టు చేయగలవా?” అని అడిగారు. మొత్తం రంగు తీసేసి కొత్తగా వేయడమే దారా, మరొకటి ఉందా? దయచేసి చెప్పగలరు.

పాతసామాను (హైదరాబాదు), జూన్ 14

రేవుపట్నం గారూ, మరో మాట చదివేలోగా చేతిలో ఉన్న ఉప్పు కాగితం కింద పెట్టేయండి.

మీ దగ్గర ఉన్నది ఇంగ్లండు డింకీ కాకపోవడం చిన్నతనం ఏమీ కాదు. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డు కర్మాగారంలో మెకానో సంస్థ 1934 నుంచి డింకీ పేరుతో ఈ బొమ్మలను పోతపోసింది. అక్కడ అమ్మకాలు అయిపోయిన కొన్ని నమూనాల అచ్చులు 1960ల చివర్లో కలకత్తాకు చేరాయి. మన దేశంలో దిగుమతులకు ఎన్నో ఆంక్షలున్న కాలమది. అందువల్ల అవే అచ్చులతో ఇక్కడే పోతపోసి ‘నిక్కీ’ పేరుతో అమ్మారు. అడుగు రేకు అచ్చులో ఉన్న పాత పేరును చెరిపి కొత్త పేరు చెక్కారు కాబట్టే మీకు ఆ గరుకు మచ్చ కనిపిస్తోంది. ఆ కారులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. లివర్‌పూల్ నుంచి కలకత్తాకు వచ్చిన దారి అంతా ఆ మచ్చలో ఉంది. మెరుగు పెట్టే ఉత్సాహంలో ఎవరైనా దాన్ని నున్నగా రుద్దేస్తే కారు పుట్టిన ఊరు పోయినట్టే.

డింకీ, నిక్కీ, డిక్కీ అని ప్రాస కుదిరిందని నవ్వుకోవచ్చు గాని, కొత్త రంగు వేసి తళతళలాడించే ఆలోచన మాత్రం వద్దని నా మనవి.

గుండుసూది (బాలానగర్), జూన్ 15

రంగు సంగతి తరువాత. ముందు ఆ పగుళ్లు ఎక్కడున్నాయో తేల్చాలి, రంగులోనా, లోహంలోనా? నేను ముప్పై ఏళ్లు డై కాస్టింగ్ (కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసే) షాపులో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు ముందుగా కళ్లబడేది అదే.

ఈ బొమ్మలు జింకు మిశ్రమంతో పోసినవి. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా రాగి ఉంటాయి. ఇంగ్లండులో దాన్ని మజాక్ అంటారు, మరికొన్నిచోట్ల జమాక్ అంటారు. జింకు ఎంతో శుద్ధంగా ఉండాలి. కరిగించే మూసలోకి సీసం గాని, తగరం గాని, కాడ్మియం గాని ఏ కొంచెం చేరినా, ఆ పోత ఏళ్ల తరబడి తనలో తానే చెడుతూ వస్తుంది. లోహపు రేణువుల అంచుల వెంబడి తుప్పు పాకి, వస్తువు ఉబ్బి, వంకర తిరిగి, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి, చివరకు బెల్లం అచ్చులా పొడిపొడిగా రాలిపోతుంది. దీన్నే జింకు తెగులు అంటాం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోసిన డింకీ బొమ్మలు ఈ తెగులుతోనే ఎక్కువగా పోయాయి. వేడి, తేమ రెండూ దీనికి ఎరువులాంటివి. పెంకుటింటి అటక, అదీ సముద్రపు ఊళ్లో, అన్నమాటకే నాకు గుబులుగా ఉంది.

మందు లేదు. కాబట్టి పరీక్ష ఇలా చేయండి. పగులు ఉన్నచోట రంగు పెచ్చు ఒకటి వెదురు పుల్లతో లేపి, భూతద్దంతో కింద చూడండి. లోహం నున్నగా బూడిద రంగులో ఉంటే భయం లేదు. గీత లోహంలోకి కూడా దిగి ఉంటే, లేదా అడుగు రేకు విల్లులా వంగి ఉంటే, దాన్ని ఏ రసాయనంలోనూ ముంచకండి. తెల్లటి పొడి మాత్రమే కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. అది పైపైన పట్టిన తుప్పు, తెగులు కాదు.

రంగులపిచ్చి (విజయవాడ), జూన్ 15

పాతసామాను గారితో నేను ఏకీభవించలేను. పెద్దాయన అడిగింది “తెచ్చినప్పుడు ఉన్నట్టు” చేయమని. మసిపట్టిన కారును అద్దాల బీరువాలో పెట్టి ఇదే చరిత్ర అని చూపిస్తే ఆయనకు ఏం సంతోషం కలుగుతుంది? ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పాత ఫియట్లకు, అంబాసిడర్లకు మేము చేసేదే దీనికీ చేయాలి: రిమూవర్ పూసి రంగంతా ఎత్తి, ప్రైమర్ కొట్టి, మంచి రంగు వేయాలి. ఆ పని సరిగా చేయడం కూడా ఒక గౌరవమే.

పెట్టెలోబొమ్మ (వరంగల్), జూన్ 15

రిమూవర్ దాకా ఎందుకు? కాస్టిక్ సోడా నీళ్లలో ఒక రాత్రి నానబెడితే రంగు దానంతటదే ఊడిపోతుంది. నేను ఇనుప బొమ్మలకు అలాగే చేశాను.

గుండుసూది (బాలానగర్), జూన్ 15

ఇనుముకు సరే గాని, జింకుకు వద్దు. జింకు, అల్యూమినియం రెండింటినీ కాస్టిక్ సోడా తినేస్తుంది. బుడగలు వస్తుంటే రంగు ఊడుతోందని మీరు సంతోషిస్తారు. నిజానికి అక్కడ లోహం కరిగి హైడ్రోజన్ వాయువు వెలువడుతూ ఉంటుంది. ఒక రాత్రి నానబెడితే సన్నని అంచులు నల్లబడి, అచ్చులో పడిన చిన్న చిన్న గీతలు మొద్దుబారిపోతాయి.

రేవుపట్నం (కాకినాడ), జూన్ 17

గుండుసూది గారు చెప్పినట్టే చేశాను. పగుళ్లు రంగులోనే ఉన్నాయి, లోహం నున్నగా ఉంది. అడుగు రేకును గాజు పలక మీద పెట్టి చూస్తే ఎక్కడా వంపు లేదు. నిన్న రాత్రి హాయిగా నిద్రపోయాను.

అయితే నీలం పెచ్చు లేచిన చోట మరో సంగతి తెలిసింది. దాని కింద మీగడ రంగు, మెరుపుతో సహా చెక్కుచెదరకుండా ఉంది. చిన్నప్పుడు నేను ఉప్పు కాగితం రుద్దకుండా, కడగకుండా పూసినందువల్ల నా రంగు దాన్ని పట్టుకోలేదు. నా అజ్ఞానమే దాన్ని కాపాడినట్టుంది.

పాతసామాను (హైదరాబాదు), జూన్ 17

ఇక మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. కొత్త రంగు వేయకూడదు, ఉన్నది ఉన్నట్టు వదిలేయనూ కూడదు. మీ నీలాన్ని తీసి, కలకత్తా మీగడను ఉంచాలి. పెద్దాయన తెచ్చిన కారు అక్కడే ఉంది.

రంగులపిచ్చి (విజయవాడ), జూన్ 17

ఒప్పుకుంటున్నాను. కింద అసలు రంగు బతికి ఉందని తెలిసి ఉంటే నేను రిమూవర్ పేరే ఎత్తేవాణ్ణి కాదు. రిమూవర్‌కు తనది, పరాయిది అనే భేదం ఉండదు.

గుండుసూది (బాలానగర్), జూన్ 18

పై రంగు మాత్రమే తీయడం ఓపిక పని. మీకు అనుకూలమైన విషయం ఒకటుంది. కర్మాగారంలో వేసే రంగును పొయ్యిలో కాల్చి గట్టిపరుస్తారు. ఇంట్లో కుంచెతో వేసినది గాలికి ఆరినది మాత్రమే. కాబట్టి చాలాసార్లు పైది ముందు మెత్తబడుతుంది. చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. అందువల్ల మొదటి ప్రయత్నం కారు ముఖం మీద కాక, చక్రం వెనుక ఎవరికీ కనబడని చోట చేయండి.

ముందు పొడిగా మొదలుపెట్టండి. వెదురు పుల్లను ఉలి మొనలా చెక్కి, పెచ్చు అంచు కింద దూర్చి అడ్డంగా తోయండి. లోహపు మొన దగ్గరికి రానివ్వకండి. పుల్లకు లొంగనిచోట ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూది పుల్లతో అద్ది, రెండు నిమిషాలు ఆగి, ఉబ్బిన రంగును చెక్కండి. దూదికి మీగడ రంగు అంటిన మరుక్షణం ఆపేయాలి. అసిటోను, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) థిన్నరు సీసాలను వేరే గదిలో పెట్టడం మంచిది. అలసిపోయిన రాత్రి పదకొండింటికి మనిషి బుద్ధి వాటి మీదికే పోతుంది. కిటికీల పారదర్శక ప్లాస్టిక్‌కు కూడా ఏ ద్రావకమూ తగలకూడదు.

రోజుకు ఒక చదరపు సెంటీమీటరు చాలు.

థేమ్స్‌ఒడ్డు (రెడింగ్, ఇంగ్లండు), జూన్ 19

కుంగిన చక్రాల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నాను. ఆ సస్పెన్షన్ భాగాలు అడుగు రేకుకూ బాడీకీ మధ్య ఉంటాయి. వాటిని చేరాలంటే రెండు రివెట్ల తలలను డ్రిల్లుతో తీయాలి. ఇక్కడ పునరుద్ధరణ చేసేవారు పొడుగు డ్రిల్లు దింపరు. రివెట్ కాడకన్నా కాస్త లావు బిట్టుతో, విప్పారిన అంచును మాత్రమే చెక్కి రేకును లేపుతారు. తరువాత కాడ మధ్యలో 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, ఎం2 ట్యాపుతో మర తిప్పి, చిన్న స్క్రూతో బిగిస్తారు. పని శుభ్రంగానే ఉంటుంది. కాని కలకత్తాలో ఎవరో కార్మికుడు బిగించిన రివెట్టు మళ్లీ రాదు. బెంజికి నేనైతే ఆ పని చేయను. కుంగిన చక్రాలతోనే బల్ల మీద నిలబడనీయండి.

టైర్లకు రేకు విప్పనక్కరలేదు, రిమ్ము మీద నుంచి లాగి కొత్తవి ఎక్కించవచ్చు. ఇక్కడి బొమ్మల సంతల్లో డింకీ కొలతల నల్ల రబ్బరు టైర్లు దొరుకుతాయి, పంపగలను. మెత్తటి వినైల్ టైర్లు మాత్రం వద్దు. వాటిలోని మెత్తబరిచే నూనె కొన్నేళ్లకు బయటికి ఊరి, తాను తగిలిన పాలిస్టైరిన్ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పెట్టెలో భద్రంగా దాచిన కిట్ కార్లలో రిమ్ములు టైర్లకు అతుక్కుపోవడానికి కారణం అదే.

కారు పొడవు ఎంత ఉందో కొలిచి చెప్పండి.

రేవుపట్నం (కాకినాడ), జూన్ 19

102 మిల్లీమీటర్లు.

థేమ్స్‌ఒడ్డు (రెడింగ్, ఇంగ్లండు), జూన్ 19

అసలు కారు పొడవు 4,875 మిల్లీమీటర్లు. భాగిస్తే సుమారు 1/48 వస్తుంది. ఈ వేదికలో కొత్తవారు ‘డింకీ అంటే 1/43’ అని రాస్తుంటారు గనుక అడిగాను. 1/43 కొలతకు మూలం బ్రిటన్‌లోని ‘ఓ’ గేజి బొమ్మ రైలు. అక్కడ నిజమైన ఒక అడుగుకు 7 మిల్లీమీటర్లు, అంటే అడుగులోని 304.8 మిల్లీమీటర్లను 7తో భాగిస్తే 43.5. డింకీ కార్లు మొదట హార్న్‌బీ రైళ్ల పక్కన పెట్టుకునే వస్తువులుగానే వచ్చాయి. కాని పెద్ద కార్లను కొంత కుదించి, చిన్న కార్లను కొంత పెంచి పోయడం బొమ్మలవారికి అలవాటు. వేరే కారుకు చేసిన 1/43 భాగాలు కొని దీనికి అమర్చాలని చూస్తే సరిపోవు.

రేవుపట్నం (కాకినాడ), సెప్టెంబర్ 3

రెండున్నర నెలలు పట్టింది. పైకప్పు, బానెట్, ఎడమవైపు తలుపులు పూర్తిగా మీగడ రంగులోకి వచ్చాయి. కుడి వెనుక రెక్క మీద నీలం ఎంతకీ లొంగలేదు. అక్కడ అప్పట్లోనే అసలు రంగు రాలి ఉంటుంది, నా ఎనామిల్ నేరుగా లోహాన్ని పట్టుకుంది. బొటనవేలి గోరంత నీలం మచ్చను అలాగే వదిలేశాను. రివెట్ల జోలికి వెళ్లలేదు. టైర్లు చేరాయి, థేమ్స్‌ఒడ్డు గారికి ఎంతో ఋణపడి ఉన్నాను.

ఇక జాగ్వార్. దాని మీద నా నీలం లేదు గాని అసలు రంగు పది శాతం కూడా లేదు. అడుగు రేకు లేదు కాబట్టి అది లివర్‌పూల్‌దో కలకత్తాదో నేను చెప్పలేను. దీనికైనా పూర్తిగా రంగు వేయవచ్చా? ముదురు మెరూన్ అనుకుంటున్నాను. రేపే మొదలుపెడదామని ఉంది.

రంగులపిచ్చి (విజయవాడ), సెప్టెంబర్ 3

నిరభ్యంతరంగా వేయండి, కాని రేపు వద్దు. సెప్టెంబరులో కాకినాడలో ఎన్.సి. రంగు కొడితే ఏమవుతుందో చెబుతాను. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే ఆ చల్లటి పొర మీద నీరు పడుతుంది, కొత్తగా వేసిన మెరూన్ మీద పాలు చిలికినట్టు తెల్లటి మబ్బు కమ్ముకుంటుంది. మా షెడ్డులో దాన్ని బ్లషింగ్ అంటారు. నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలిపి కొంత నెట్టుకురావచ్చు, తేలికపాటి మబ్బయితే ఒట్టి థిన్నర్‌ను తుంపరగా కొడితే పోతుంది. అయినా యాభై ఏళ్లు ఆగిన కారు సంక్రాంతి దాకా ఆగలేదా? ఎండ కాసే పొడి మధ్యాహ్నం చూసుకుని, పదకొండు నుంచి మూడు లోపల కొట్టండి.

ఈలోగా చేయవలసింది చాలా ఉంది. ఇక్కడ రిమూవర్ వాడవచ్చు. చేతికి తొడుగులు, ఆరుబయట కూర్చోవడం తప్పనిసరి. కిటికీ ప్లాస్టిక్ ముందే తీసేయండి. రంగు పోయాక ఇత్తడి బ్రష్షుతో మూలలు తోమి, గిన్నెల సబ్బుతో కడిగి, ఆరిన తరువాత వట్టి చేత్తో ముట్టుకోకండి. తలకు కొబ్బరినూనె రాసుకున్న రోజు అసలే వద్దు. నూనె అంటినచోట రంగు నిలవక, చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడుతుంది. డాష్‌బోర్డు మెరిపించే సిలికాన్ స్ప్రే అదే గదిలో కొట్టినా ఇదే గతి.

జింకు మీద మామూలు ప్రైమర్ సరిగా నిలవదు, లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ వేయండి. ఇక పెద్ద కార్ల పెయింటర్‌గా నేను నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టిన పాఠం: ఆ కొలతలో మన పూతే మనకు శత్రువు. 0.1 మిల్లీమీటరు మందం రంగు 1/43 కారు మీద నిజమైన కారుకు 4 మిల్లీమీటర్ల పైచిలుకు లప్పం పెట్టినట్టు కనిపిస్తుంది. తలుపు గీతలు పూడిపోయి కారు సబ్బు బిళ్లలా తయారవుతుంది. నా మొదటి కారు అచ్చంగా అలాగే తయారైంది, దాన్ని ఇప్పటికీ అల్మరా వెనక వరుసలోనే ఉంచుతాను. కాబట్టి పలుచగా, పొగమంచు పట్టినట్టు రెండు పూతలు వేసి, పది నిమిషాల విరామంతో మరి రెండు తడి పూతలు వేస్తే చాలు. మరీ దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే ఆరి కమలా తొక్కలా గరుకుగా పడుతుంది, మరీ దగ్గరైతే కారుతుంది. డబ్బా స్ప్రే అయితే జానెడు దూరం సరిపోతుంది. పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది, రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టండి. అంచుల దగ్గర చేయి తేలిగ్గా ఉండాలి, రంగు ముందుగా పోయేది అక్కడే.

మెటాలిక్ మెరూన్ అనుకుంటే మానుకోండి. నిజమైన కార్ల రంగులోని మెరుపు రేకులు ఈ కొలతలో చమ్కీలు చల్లినట్టు కనిపిస్తాయి.

పెట్టెలోబొమ్మ (వరంగల్), సెప్టెంబర్ 4

ఎన్.సి. బదులు ఎనామిల్ వేస్తే ఈ మబ్బు బాధ ఉండదు కదా?

రంగులపిచ్చి (విజయవాడ), సెప్టెంబర్ 4

ఉండదు. కాని ఆరడానికి రోజులు పడుతుంది, ఆ రోజులన్నీ ఇంట్లో దుమ్ము దాని మీదే వాలుతుంది. మధ్యలో మనసు మారి ఎనామిల్ మీద ఎన్.సి. కొట్టారా, థిన్నర్ కింది పొరను లేపి అప్పడంలా ముడతలు వేస్తుంది. ఎన్.సి. మీద ఎనామిల్ వేయవచ్చు గాని, ఎనామిల్ మీద ఎన్.సి. వేయకూడదు.

రేవుపట్నం (కాకినాడ), జనవరి 19

భోగి మరునాడు, ఎండ బాగా కాసిన మధ్యాహ్నం మేడ మీద జాగ్వార్‌కు మెరూన్ వేశాను. మబ్బు పట్టలేదు, తలుపు గీతలు పూడలేదు. పైకప్పు మీద ఒక చీమ వాలి అతుక్కుపోతే, ఆరిన తరువాత తీసి మళ్లీ రుద్దాల్సి వచ్చింది.

కనుమ నాడు రెండు కార్లనూ నాన్నగారి ముందు పెట్టాను. బెంజిని చాలాసేపు వెనక్కి ముందుకి నడిపి చూశారు. కుడి రెక్క మీది నీలం మచ్చను వేలితో తడిమి, “ఈ రంగు పూసినందుకే గదా ఆ రోజు నీకు దెబ్బలు పడ్డాయి” అన్నారు. తరువాత జాగ్వార్‌ను ఎత్తి చూసి, ఇది మనది కాదన్నారు. పక్కింటి పిల్లవాడిదట. వాళ్లు రాజమండ్రికి బదిలీ అయి వెళ్లేటప్పుడు, ఆ కారు కనబడక వాడు బండి ఎక్కనని ఏడ్చాడట.

ఆయన ఇప్పుడు తాతగారయ్యారు, రాజమండ్రిలోనే ఉన్నారు. నిన్న ఫోను చేసి, మీ కారును యాభై ఏళ్లు దాచి, అడగకుండా మెరూన్ రంగు కూడా వేశానని ఒప్పుకున్నాను. రంగు గురించి ఒక్క మాటా అనలేదు. “డిక్కీలో చిన్న సూట్‌కేసులు ఉండాలి, ఉన్నాయా?” అని మాత్రం అడిగారు. రేకుడబ్బా బోర్లించి వెతికాను, లేవు.

థేమ్స్‌ఒడ్డు (రెడింగ్, ఇంగ్లండు), జనవరి 19

ఉండేవి. ఆ జాగ్వార్‌కు డిక్కీలో సామాను ఇచ్చేవారు, పిల్లలు ముందుగా పోగొట్టుకునేదీ దాన్నే. వాటి నకళ్లు వైట్ మెటల్‌లో పోసి అమ్ముతుంటారు. వచ్చే నెల సంతలో వెతుకుతాను. అడుగు రేకు కూడా చూడమంటారా?

పాతసామాను (హైదరాబాదు), జనవరి 20

సూట్‌కేసులు తెప్పించండి, అడుగు రేకు మాత్రం వద్దు. దొరికేది ‘డింకీ’ అని రాసి ఉన్నదే అవుతుంది. అది కలకత్తా కారో కాదో తెలియకుండా దానికి లివర్‌పూల్ పేరు తగిలించడం నాకు ఇష్టం లేదు. ఖాళీ రేకు ఒకటి కత్తిరించి, ఏ పేరూ లేకుండా బిగించండి.

రేవుపట్నం (కాకినాడ), జనవరి 20

అలాగే చేస్తాను. రేకు మందం ఎంత ఉండాలో గుండుసూది గారు చెబితే, ఆదివారం రాజమండ్రి వెళ్లేలోగా కత్తిరిస్తాను.

గుండుసూది (బాలానగర్), జనవరి 20

బెంజి అడుగు రేకు అంచును వెర్నియర్‌తో కొలిచి అంతే మందం తీసుకోండి. కత్తిరించాక అంచులు ఆకురాయితో నున్నగా అరగదీయండి, అవతల ఆడుకోబోయేది ఆయన మనవలు.